బంతి ఒక్కటే చాలదు: పేద పిల్లల మనసుకు ఫుట్‌బాల్ ఎప్పుడు మేలు చేస్తుంది

ఉత్తర ఉగాండాలోని గులూ చాలా ఏళ్లు అంతర్యుద్ధంలో నలిగిన ప్రాంతం. యుద్ధం సద్దుమణిగాక అక్కడి పిల్లల కోసం 11 వారాల ఫుట్‌బాల్ లీగ్ నడిపారు. ఆ లీగ్‌లో ఆడిన పిల్లల్ని, పేరిచ్చి తమ వంతు కోసం ఆగిన పిల్లల్ని, అసలు పేరే ఇవ్వని పిల్లల్ని పరిశోధకులు పోల్చి చూశారు. 2014లో వెలువడిన ఫలితం చాలామంది ఊహించింది కాదు. ఆడిన మగపిల్లల్లో దిగులు, ఆందోళన లక్షణాలు మిగతా రెండు గుంపుల కంటే అధ్వాన్నంగా తేలాయి. ఒంటి దారుఢ్యంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పేటల్లో, శిబిరాల్లో, వసతి గృహాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన ఫలితం ఇది. ఆట చెడ్డదని దీనర్థం కాదు. లీగ్ అంటే గెలుపోటముల పట్టిక. అప్పటికే ఎన్నో పోగొట్టుకున్న పిల్లవాడు అక్కడా వారం వారం ఓడిపోతూ, జట్టులో ఉన్నా బయటే కూర్చుంటూ, తప్పు పాస్ ఇచ్చినందుకు తోటివాళ్ల చేత మాటలు పడుతూ ఉంటే వాడి మనసు తేలికపడే దారి లేదు. బంతి, మైదానం, పోటీ ఈ మూడూ సమకూర్చేసి మిగతాది ఆటే చూసుకుంటుందని వదిలేసిన చోట ఇలాగే జరుగుతుంది. మేలు జరిగిన చోట్ల ఆట చుట్టూ ఇంకేదో కట్టి ఉంటుంది. ఆ కట్టడం ఎలా ఉండాలన్నదే అసలు ప్రశ్న.

మేలు ఏ దారిన వస్తుంది

ఒంటికి జరిగే మేలు అందరికీ తెలిసిందే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇరుకు గదుల్లో పెరిగే పిల్లలకు ఆ గంట దొరకడమే కష్టం. ఆడి అలసిన పిల్లలకు నిద్ర బాగా పడుతుంది, నిద్ర బాగుంటే మర్నాడు చిరాకు తగ్గుతుంది. ఇది చిన్న సంగతేమీ కాదు, కానీ పరుగు పందెంతోనూ ఇంత మేలు వస్తుంది.

ఫుట్‌బాల్ ప్రత్యేకంగా ఇచ్చేది వేరే ఉంది. రేపు ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందో లేదో, నాన్న ఏ స్థితిలో ఇంటికొస్తాడో, బడి ఫీజు కట్టారో లేదో తెలియని పిల్లలకు జీవితంలో ఏదీ నిలకడగా ఉండదు. మంగళవారం, గురువారం సాయంత్రం 5 గంటలకు ఫలానా మైదానంలో ఫలానా మనిషి తప్పకుండా ఉంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు, నిన్న రాలేదేమని అడుగుతాడు అన్న నమ్మకం వాళ్లకు చాలా పెద్దది. కోచ్‌కు ఎంత ఆట వచ్చు అన్నదానికంటే ఎన్ని వారాలు మానకుండా వచ్చాడు అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తరచూ ఇక్కడే పొరబడతారు. జిల్లా స్థాయిలో ఆడిన నైపుణ్యం చూసి కోచ్‌ను పెట్టుకుంటారు, అతను మూడు నెలలకు మంచి ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతాడు. అదే పేటలో ఉంటూ, ఆట ఒక మోస్తరుగా వచ్చి, రెండేళ్లు నిలిచే మనిషి దొరికితే అంతకంటే భాగ్యం లేదు. జార్ఖండ్‌లో 2009 నుంచి ఆడపిల్లలతో పనిచేస్తున్న 'యువ' అనే సంస్థలో ఒకప్పుడు ఆడిన అమ్మాయిలే తర్వాత కోచ్‌లయ్యారు. తమలాంటి ఇంటి నుంచే వచ్చిన అక్క ముందు నిలబడి నేర్పుతుంటే చిన్నపిల్లలకు అంతకు మించిన భరోసా ఉండదు.

తర్వాతది పనికొచ్చానన్న భావం. బడిలో వెనకబడిన పిల్లవాడికి తాను ఏదైనా బాగా చేయగలడని తోచే సందర్భాలు చాలా తక్కువ. ఎడమకాలితో పాస్ ఇవ్వడం పోయిన నెల రాలేదు, ఈ నెల వచ్చింది. ఆ తేడా వాడికి కళ్లెదుటే కనిపిస్తుంది. అయితే బంతి కాలికి తగిలితేనే కదా ఆ తేడా తెలిసేది. మైదానం కొలతలు, జట్టు పరిమాణం ముఖ్యమయ్యేది అందుకే.

చిన్న మైదానం, చిన్న జట్టు

పదకొండు మంది చొప్పున ఆడే పెద్ద మ్యాచ్‌లో వృత్తి ఆటగాడికైనా 90 నిమిషాల్లో బంతి కాలి దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలే. పిల్లల్ని అలా ఆడిస్తే నలుగురు గట్టివాళ్లు ఆడతారు, మిగతావాళ్లు పరిగెడుతూ చూస్తారు. నలుగురు చొప్పున రెండు జట్లు, సుమారు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు స్థలం, గోల్‌కీపర్ లేకుండా రెండు కోన్ల మధ్య ఒకటిన్నర మీటరు గోల్. ఈ ఏర్పాటుతో ప్రతి ఒక్కరికీ బంతి అందుతుంది. పదహారు మంది వస్తే ఇలాంటివి పక్కపక్కనే రెండు మైదానాలు గీయాలి తప్ప, ఎనిమిదేసి మందిని ఒకే చోట తోసేయకూడదు. 5 నుంచి 7 నిమిషాలకో మ్యాచ్ ముగించి జట్లు మారిస్తే ఓటమి భారం ఎవరి మీదా ఎక్కువసేపు ఉండదు.

బంతులు ఇద్దరికి ఒకటి చొప్పున ఉండాలి, అంటే పదహారు మందికి ఎనిమిది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు 3వ నంబరు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వారికి 4వ నంబరు, ఆపైన 5వ నంబరు. ఐదో నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. చిన్నపిల్లల చేత దీనితో ఆడిస్తే కాలు నొప్పెడుతుంది, బంతిని తన్నకుండా తప్పించుకోవడం నేర్చుకుంటారు. రాళ్లు, కంకర ఉన్న నేల మీద చేత్తో కుట్టిన బంతి కుట్లు త్వరగా తెగుతాయి. అలాంటి చోట రబ్బరు పైపొర ఉన్న అచ్చు బంతి ఎక్కువ కాలం వస్తుంది. గాలి కొట్టేటప్పుడు సూదిని తడపకుండా గుచ్చితే వాల్వ్ లోపల చిరుగుతుంది. ఆ రోజు బాగానే ఉన్నట్టనిపిస్తుంది, మూడు రోజులకు బంతి మెత్తబడుతుంది. రెండు చుక్కల గ్లిజరిన్, లేదంటే కాస్త నీళ్లు చాలు. పంపు ఒకటి, సూదులు నాలుగైదు సంచిలో ఎప్పుడూ ఉండాలి. సూది విరగడం వల్ల ఆగిపోయిన సాయంత్రాలు తక్కువేమీ కాదు.

ఇనుప గోల్‌పోస్టులు జరిపే రకమైతే వెనక కడ్డీని నేలకు మేకులతో బిగించాలి, లేదా ఇసుక బస్తాలతో బరువు పెట్టాలి. పిల్లలు పైకడ్డీ పట్టుకుని ఊగితే పోస్టు ముందుకు పడుతుంది. దీనివల్ల ప్రాణాలు పోయాయి. బిగించే వీలు లేకపోతే కోన్లతోనే ఆడించడం మేలు.

ఒక సాయంత్రం ఎలా గడవాలి

90 నిమిషాల సమయం ఉందనుకుంటే, మొదటి 10 నిమిషాలు ఎవరు ఎప్పుడొచ్చినా వెంటనే బంతి చేతికిచ్చే సమయంగా ఉంచాలి. వరుసలో నిలబెట్టి ఆలస్యంగా వచ్చినవారిని తిట్టడంతో మొదలైతే, చెల్లెల్ని చూసుకుని వచ్చిన పిల్లవాడు రెండోసారి రాడు. ఆ పది నిమిషాల్లో ఒక కోచ్ హాజరు వేస్తూ ముఖాలు చూస్తాడు. ఎవరు నీరసంగా ఉన్నారు, ఎవరి మోచేతి మీద కొత్త దెబ్బ ఉంది, రోజూ గలగలలాడే పిల్ల ఇవాళ ఎందుకు మాట్లాడలేదు. ఇవి రిజిస్టర్‌లో పేరు పక్కన ఒక్క ముక్కగా రాసి పెట్టుకోవాలి.

తర్వాత 20 నిమిషాల వార్మప్. 14 ఏళ్లు దాటినవారికి ఫిఫా 11+ అనే క్రమం ఉంది. 8 నిమిషాలు మెల్లని పరుగు, 10 నిమిషాలు కండబలం, గెంతులు, ఒంటికాలి మీద నిలకడ, చివర 2 నిమిషాలు వేగపు పరుగు. నార్వేలో టీనేజీ అమ్మాయిల క్లబ్బుల మీద జరిగిన పెద్ద ప్రయోగంలో ఇది గాయాలను గణనీయంగా తగ్గించింది. వారానికి కనీసం రెండుసార్లు చేస్తేనే ఫలితం. ఏడు నుంచి పదమూడేళ్ల వారికి దీని పిల్లల రూపం వేరే ఉంది. డబ్బున్న ఇంటి పిల్లలకు మోకాలు బెణికితే వైద్యుడు ఉంటాడు. ఈ పిల్లలకు అదే గాయం రెండు నెలల కూలి పోగొడుతుంది. వార్మప్‌ను ఎగ్గొట్టే కోచ్‌కు ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

25 నిమిషాలు జంటలుగా నేర్చుకునే పని, మరో 25 నిమిషాలు చిన్న మ్యాచ్‌లు, చివరి 10 నిమిషాలు గుండ్రంగా కూర్చుని మాట.

జట్లు వేసే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇద్దరు కెప్టెన్లు ముందు నిలబడి ఒక్కొక్కరిని పిలుచుకునే పాత అలవాటును వెంటనే మానేయాలి. ఆఖరికి ఇద్దరు మిగులుతారు. ఒకడు చెప్పు లేని కాలితో మట్టి గీరుతుంటాడు, రెండోవాడు తనకేమీ పట్టనట్టు ఎటో చూస్తుంటాడు. కెప్టెన్ నిట్టూర్చి "సరే, నువ్వు రా" అంటాడు. మిగతా సాయంత్రం ఎంత బాగా గడిచినా ఆ పిల్లవాడు ఇంటికి మోసుకెళ్లేది ఆ మాటనే. వచ్చిన క్రమంలో కోచ్ చేతులమీదుగా రంగు బిబ్‌లు (జట్టు తెలిసేలా చొక్కా మీద వేసుకునే చేతుల్లేని పైతొడుగులు) పంచితే ఈ గొడవే ఉండదు.

గట్టు మీద నిలబడి "నేను ఆడను" అనే పిల్లలు ప్రతిచోటా ఉంటారు. బలవంతపెట్టకూడదు, అలాగని వదిలేయకూడదు. గోల్స్ లెక్కపెట్టమనో, బిబ్‌లు సర్దమనో ఒక పని ఇచ్చి, పేరు హాజరులో రాయాలి. మైదానంలో తనకొక చోటు ఉందని తెలిశాక చాలామంది వారాల్లోనే బంతి వైపు జరుగుతారు. కొందరికి నెలలు పడుతుంది. అదీ సరే.

మూడో సగం

కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్ 1994 ప్రపంచ కప్‌లో సొంత గోల్ చేశాడు. ఇంటికి తిరిగొచ్చిన కొద్ది రోజులకే మెడెయిన్ నగరంలో అతన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత, 1996లో, అదే నగరంలో శాంతి కోసం ఫుట్‌బాల్ అనే ప్రయత్నం మొదలైంది. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసే ఆడాలి, మొదటి గోల్ అమ్మాయే వేయాలి, రిఫరీ ఉండడు. దాన్నుంచి పుట్టిన పద్ధతినే ఇప్పుడు చాలా దేశాల్లో ఫుట్‌బాల్3 అంటున్నారు.

ఇందులో మ్యాచ్‌కు మూడు భాగాలు. మొదట రెండు జట్లూ కలిసి కూర్చుని ఆ రోజు నియమాలు ఒప్పుకుంటాయి. రెండోది ఆట. మూడోది, అంటే మూడో సగం, మళ్లీ కూర్చుని, ఒప్పుకున్నవి పాటించామా లేదా మాట్లాడుకుని, ఎదుటి జట్టుకు మర్యాద పాయింట్లు ఇవ్వడం. గోల్స్ పాయింట్లకు ఇవి కలిశాకే మ్యాచ్ ఫలితం తేలుతుంది. రిఫరీ స్థానంలో ఒక మధ్యవర్తి ఉంటాడు. అతను ఈల ఊదడు, మాట సాగేలా చూస్తాడు.

పాయింట్ల పట్టికను మార్చి పిల్లల నడతను మార్చడమన్న ఆలోచన ఇంకా పాతది. నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన యువజన క్రీడా సంఘం, పేటను శుభ్రం చేసే పని పూర్తి చేసిన జట్టుకు లీగ్‌లో 6 పాయింట్లు కలిపేది. చెత్త ఎత్తకుండా లీగ్ గెలవడం కష్టమైపోయింది. పిల్లలు పాయింట్లను ఎంత శ్రద్ధగా లెక్కపెడతారో తెలిసినవాళ్లే ఇలాంటి నియమం పెట్టగలరు.

మూడో సగం చెడిపోయేది కోచ్ నోటి వల్లే. పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు అతనే నీతులు చెబితే పిల్లలు గడ్డి పీకుతూ కూర్చుంటారు. "ఎవరికైనా ఇవాళ అన్యాయం జరిగిందనిపించిందా?" వంటి ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోవాలి. మొదటి అర నిమిషం ఎవరూ నోరు విప్పరు. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి కోచ్ మళ్లీ మాట్లాడేస్తే అంతే సంగతులు. ఆగితే ఎవరో ఒకరు "వాడు నా చొక్కా లాగాడు" అంటారు. అక్కణ్ణుంచి అసలు మాట మొదలవుతుంది. కొట్టుకోకుండా గొడవ తీర్చుకోవడం ఇలాంటి చిన్న చొక్కాల తగవుల మీదే అలవాటవుతుంది.

ఎక్కడ తప్పుతుంది

ఆకలి మొదటిది. పొద్దుటి నుంచి సరిగ్గా తినని పిల్లవాడి చేత గంటన్నర పరిగెత్తిస్తే కళ్లు తిరుగుతాయి, లేదా చీటికిమాటికి గొడవ పెట్టుకుంటాడు. దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూసి శిక్షిస్తారు. మంచినీళ్లు, ఆట మొదట్లోనే ఏదైనా తినడానికి ఇచ్చే ఏర్పాటు బడ్జెట్‌లో జెర్సీల కంటే ముందు రాయాలి. తినుబండారం ఆఖర్న పెడితే అది బహుమతి అవుతుంది, ఆట మాత్రం ఖాళీ కడుపుతోనే జరుగుతుంది.

రెండోది వెళ్లగొట్టడం. మూడుసార్లు తిట్టుకుంటే, ఆలస్యంగా వస్తే పేరు కొట్టేస్తామన్న నియమం వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కొట్టేసిన పేర్ల జాబితా చూస్తే, అది ఈ మైదానం ఎవరికి అన్నిటికంటే ఎక్కువ అవసరమో వాళ్ల జాబితా అవుతుంది. ఆ రోజు ఆట నుంచి పక్కన కూర్చోబెట్టవచ్చు, తర్వాతి రోజు రావడం మాత్రం ఆపకూడదు. మూడు రోజులు వరసగా రాని పిల్లల ఇంటికి నాలుగో రోజు ఒకరు వెళ్లి రావాలి. ఆ పనికి వారంలో కొన్ని గంటలు కోచ్ జీతంలోనే లెక్కకట్టి ఉండాలి, లేకపోతే జరగదు.

ఆడపిల్లల విషయంలో "అందరికీ తలుపులు తెరిచే ఉన్నాయి" అంటే సరిపోదు. మరుగుదొడ్డి లేని మైదానానికి, చీకటి పడ్డాక ముగిసే ఆటకు, చుట్టూ కుర్రాళ్లు నిలబడి కామెంట్లు చేసే చోటికి అమ్మాయిలు రారు, ఇంట్లోవాళ్లు పంపరు. వెలుతురుండగానే ముగిసే సమయం, నలుగురైదుగురు కలిసి ఇంటికి వెళ్లే ఏర్పాటు, సంచిలో శానిటరీ ప్యాడ్లు, కనీసం ఒక మహిళా కోచ్. ఇవి లేకుండా అమ్మాయిల సంఖ్య పెరగలేదని ఆశ్చర్యపడటంలో అర్థం లేదు. తల్లుల్ని ఒకసారి మైదానానికి పిలిచి చూపిస్తే పది మాటల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

టోర్నమెంటు మోజు ఇంకోటి. దాతలకు కప్పు ఫొటో కావాలి, కోచ్‌కు పేరు కావాలి. ఆరుగురు మెరికల్ని ఎంచి రోజూ ఆడిస్తారు, మిగతా ముప్పై మంది మెల్లగా జారిపోతారు. పోటీకి వెళ్లొద్దని కాదు. వెళ్లే జట్టులో ప్రతి ఒక్కరూ సగం సమయమైనా ఆడాలన్న నియమం ముందే రాసిపెట్టుకుంటే చాలు.

తల దెబ్బ విషయంలో ఎవరి ధైర్యాన్నీ మెచ్చుకోకూడదు. తలకు తగిలి తికమకగా ఉన్నా, వాంతి వచ్చినా, నిలబడలేకపోయినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే, వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. చిన్నపిల్లల చేత తలతో బంతి కొట్టించే సాధన అవసరమే లేదు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్లు, ఆ లోపు వారికి దీన్ని నిషేధించింది.

పిల్లలు చెప్పే మాట

నమ్మకం కుదిరిన మనిషికి పిల్లలు ఇంట్లో సంగతులు చెబుతారు. మంచి కోచ్‌కు ఆ రోజు తప్పకుండా వస్తుంది, అప్పటికి అతను సిద్ధంగా ఉండాలి. పూర్తిగా వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. "నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను" అనాలి. పిల్లలు వాడిన మాటల్నే, సొంత వ్యాఖ్య కలపకుండా, అదే రోజు రాసి, సంస్థలో ఆ బాధ్యత చూసే మనిషికి అందజేయాలి. ఆ మనిషి ఎవరో మొదటి రోజే తేల్చుకుని ఉండాలి.

ప్రమాదం మైదానం లోపలి నుంచీ రావచ్చు. పిల్లలున్న చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. కోచ్ ఏ పిల్లనీ, పిల్లవాడినీ ఒంటరిగా బండి ఎక్కించుకోకూడదు, విడిగా ఫోన్‌లో సందేశాలు పంపుకోకూడదు. మంచివాడే కదా అని ఎవరికీ మినహాయింపు ఇవ్వకూడదు. ఫిర్యాదు చేయడానికి కోచ్ కాకుండా ఇంకొకరి పేరు పిల్లలందరికీ తెలిసి ఉండాలి.

దిగులు ముదిరిన పిల్లలకు, తమను తాము గాయపరుచుకునే పిల్లలకు ఆట చికిత్స కాదు. వాళ్లను ఆడనివ్వాలి, దాంతోపాటు మానసిక వైద్య సాయానికి పంపాలి. దగ్గర్లో ఎవరి దగ్గరికి పంపాలో తెలియకుండా మానసిక ఆరోగ్యం పేరుతో కార్యక్రమం మొదలుపెట్టడం తొందరపాటు.

మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది

హాజరు పట్టికే మొదటి కొలమానం. ఎంతమంది వచ్చారన్నదానికంటే, మొదటి నెలలో వచ్చినవారిలో ఆరో నెలకు ఎంతమంది మిగిలారు, పోయినవాళ్లు ఎవరు అన్నది చూడాలి. మనసు సంగతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా వంటి ఐదింటికి 0 నుంచి 5 వరకు మార్కులు, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కు లెక్క వస్తుంది. 50, అంతకంటే తక్కువ వస్తే ఆ పిల్లతో లేదా పిల్లవాడితో విడిగా కూర్చుని మాట్లాడాలి. చదవడం రానివారికి ప్రశ్నలు చదివి వినిపించాలి, కానీ కోచ్ వినిపించకూడదు. కోచ్‌ను నొప్పించలేక అందరూ బాగున్నామనే చెబుతారు.

మొదట్లో ఒకసారి, 12 వారాలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి అడిగితే చాలు. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఏడాది చివర మిగిలిన పిల్లల్ని మాత్రమే అడిగి, సగటు పెరిగిందని నివేదికలో రాసుకుంటారు. బాగాలేనివాళ్లు మధ్యలోనే మానేసి ఉంటే, ఎవరికీ ఏ మేలూ జరగకపోయినా సగటు పెరుగుతుంది. మానేసినవారి మొదటి మార్కుల్ని ఉన్నవారి మొదటి మార్కుల పక్కన పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది. గులూ అధ్యయనం విలువ కూడా ఇందులోనే ఉంది. ఆడనివారిని పక్కన పెట్టుకుని చూడకపోయి ఉంటే, ఆ లీగ్ పిల్లలకు ఏం చేసిందో ఎవరికీ తెలిసేది కాదు.

కోచ్ మారాల్సి వస్తే

ఎంత జాగ్రత్తపడ్డా కోచ్‌లు మారతారు. చెప్పకుండా మాయమైతే, అంతకుముందు ఎందరో పెద్దవాళ్లు అలాగే వెళ్లిపోవడం చూసిన పిల్లలకు అది ఇంకో దెబ్బ. కనీసం నాలుగు వారాల ముందు పిల్లలకు తేదీతో సహా చెప్పాలి. కొత్త కోచ్ మొదటి రెండు వారాలు పక్కన ఉండి పేర్లు నేర్చుకోవాలి, తర్వాతి రెండు వారాలు అతను ఆడిస్తుంటే పాత కోచ్ గట్టు మీద కూర్చోవాలి. రిజిస్టర్‌లో రాసుకున్న ఒక్కొక్క ముక్కనూ ఇద్దరూ కలిసి చదవాలి. ఎవరికి ఆస్తమా ఉంది, ఎవరిని నాన్న పేరుతో పిలవకూడదు, ఎవరు గోల్‌కీపర్‌గా ఉంటేనే నవ్వుతారు. రోజు, వేళ, మైదానం మాత్రం మారకూడదు.